రెండుసార్లు తట్టాలి

నవంబర్ 6

ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. పాము సంగతి ఇక తప్పించుకోవడానికి లేదు. ఆయన అక్కడున్న ఆరు వారాలూ మొహం అటు తిప్పుకుని నీళ్ళ గిన్నె నింపి వచ్చేదాన్ని, అంతే. తిండి పెట్టలేదు. చస్తే చావనీ అనుకున్నాను. ఇది ఎవరూ చదవరు కనక రాసుకుంటున్నా.

చావలేదు. అద్దాల పెట్టెలో మూలకి చుట్టలు చుట్టుకుని పడుంది. నా మణికట్టంత లావు, గోధుమరంగు మీద నల్ల మచ్చలు. చిన్న జాతి కొండచిలువ, విషం లేదు, పిల్లలు కూడా పెంచుకుంటారు అంటూ ఆరేళ్ళ కింద తెచ్చిపెట్టారు మహానుభావుడు. రేవులో చేపల వేలం వేసే ఉద్యోగం అయిపోయిన నెలకే తెచ్చారు. నన్నడిగితే కదా! దానికి హాత్సు అని పేరు కూడా పెట్టారు.

నాకూ ఒక పేరుంది, కినుయే అని. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పేరు ఆయన నోట వినలేదు. "ఒసే", "ఇదిగో", "ఎక్కడ చచ్చావ్", ఇవే నా పేర్లు.

ఇప్పుడు కుడివైపంతా పడిపోయింది. అంత పెద్ద గొంతులో ఒకే ఒక్క మాట మిగిలింది. దాహమేస్తే "హాత్సు". దుప్పటి కావాలంటే "హాత్సు". నన్ను పిలవాలన్నా "హాత్సు".

నవంబర్ 9

సొరుగులో ఆయన నోటుబుక్కు దొరికింది. పాము తిన్న రోజులు, తినని రోజులు, కుబుసం విడిచిన రోజులు అన్నీ వరసగా రాసుకున్నారు. ముందు పేజీల్లో నియమాలు. ఐసుపెట్టెలో గడ్డకట్టిన చచ్చిన ఎలుకని తీసి వేణ్ణీళ్ళలో పెట్టాలి. ఒళ్ళు వెచ్చబడితేనే దానికి తిండిలా తోస్తుంది. పట్టకారుతో పట్టుకుని ముందర కొద్దిగా ఆడించాలి. మింగుతున్నంతసేపూ ఎదర కదలకూడదు, ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. చివరిసారి తిన్నది సెప్టెంబర్ 18న.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంట్లోకి సరుకులు తెమ్మంటే మాత్రం కోడి గెలికినట్టు రాసిచ్చేవారు.

నవంబర్ 10

భయం. రేపు చూద్దాం.

నవంబర్ 14

కరిచింది, దరిద్రపు పీనుగ!

ఎలుకని వేణ్ణీళ్ళలో పెట్టాను. చేతులు కడుక్కోకుండానే నీళ్ళ గిన్నె తీద్దామని పెట్టెలో చెయ్యి పెట్టాను. ఎప్పుడు లేచిందో కూడా చూడలేదు, బొటనవేలి కింద పట్టేసింది. నేను పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. గుంజుకోబోయాను. చక్రాల కుర్చీలో ఉన్న ఆయన "హాత్సు! హాత్సు!" అని ఎడమ చెయ్యి అడ్డంగా ఊపారు. లాగొద్దని. ఆగాను. కాసేపటికి అదే వదిలింది. లాగితే పళ్ళు విరిగి నా చేతిలోనే ఉండిపోయేవట, అదీ ఆ పుస్తకంలోనే ఉంది. ముందే చదువుకోవలసింది.

అప్పుడాయన ఎడమ చేతి వేలితో కుర్చీ మీద రెండుసార్లు తట్టారు. టక్, టక్. నాకేం అర్థం కాలేదు. మళ్ళీ తట్టారు. మళ్ళీ. కళ్ళల్లో నీళ్ళు. వెతగ్గా వెతగ్గా పదకొండో పేజీలో దొరికింది: "చెయ్యి పెట్టే ముందు అట్టగొట్టంతో ఒంటి మీద మెల్లగా రెండుసార్లు తట్టాలి. తడితే తిండి కాదని దానికి తెలుస్తుంది. హాత్సుకి నేర్పాను."

గొట్టం పెట్టె వెనకే ఉంది. ఎలుకని ఆ తర్వాత ముట్టలేదు, నేను భయపెట్టేశాను కదా.

నవంబర్ 17

మింగడం నేర్పే నిషియో గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, కచ్చితమైన మనిషి. కాఫీ ఇస్తానన్నా పుచ్చుకోరు. నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు.

"అడాచి గారూ, చెంచా నోట్లో పెట్టగానే మీ చూపు కంఠం మీద ఉండాలి. అది పైకి లేచి కిందికి దిగాలి. దిగాకే రెండో చెంచా. తొందరపడకండి. నీళ్ళల్లో, పులుసులో చిక్కబరిచే ఆ పొడి కలపాల్సిందే. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి."

"పాముకి రెండు రోజులండీ," అన్నాను. ఆవిడకి అర్థం కాక నవ్వారు.

గొంతుకి ఏమైనా అడ్డం పడితే ముందుకి వంచి, భుజాల మధ్య అరచేత్తో గట్టిగా చరచమన్నారు. నా చేత చేయించి కూడా చూశారు. "గట్టిగానండీ, ఇంకా గట్టిగా. జాలిపడితే మనిషి దక్కడు." ఆయన "హాత్సు" అని విసుక్కున్నారు.

ఒకటి బాగుంది. ఆయన కడుపు నిండితే ట్రే మీద రెండుసార్లు తడుతున్నారు. టక్, టక్. ఇక తిండి వద్దని. నిషియో గారు ముచ్చటపడ్డారు. "ఇంత చక్కని గుర్తు ఎవరు నేర్పారు?" పాము నేర్పిందన్నాను. మేమిద్దరం నవ్వాం. ఆయన ఎడమ బుగ్గ కూడా కదిలింది.

నవంబర్ 23

హాత్సు తినలేదు. చలికాలం నెలల తరబడి తినవట, అది రోగం కాదట, బలవంతం చెయ్యకూడదట. ఎలుకని బయట పారేశాను.

ఆయన గంజి సగం తిన్నారు.

నవంబర్ 30

చూడకుండా ఉండవలసింది.

మూడేళ్ళ కిందటి మార్చి 12 ఏం రాశారా అని నోటుబుక్కు వెనక్కి తిప్పాను. నా గర్భసంచి తీసేసిన రోజది. ఆస్పత్రిలో కళ్ళు తెరిస్తే మంచం పక్కన ఆయన అక్క ఫుసాయే వదిన ఉంది, ఆయన లేరు. "ఏదో పనుందన్నాడే, మగాళ్ళు ఇలాంటి చోట నిలవలేరు," అని వదిన సర్దిచెప్పింది.

మార్చి 12: "హాత్సు కళ్ళు పాలరంగుకి తిరిగాయి. కుబుసం విడవబోతోంది. పొద్దుటినుంచీ పక్కనే కూర్చున్నాను. ఎత్తలేదు."

అంతే. ఇంకొక్క ముక్క లేదు.

రాత్రి భోజనం నాలుగు చెంచాలే పెట్టాను. ఆయన తట్టలేదు. అయినా నేనే తీసేశాను.

డిసెంబర్ 2

మొన్న అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఇవాళ గుడ్డు జావ చేసి మొత్తం పెట్టాను.

డిసెంబర్ 8

బయట మంచు, వాన కలిసి పడుతోంది. గొట్టంతో రెండుసార్లు తట్టి, పైనుంచి కాకుండా పక్కనుంచి, నడుం దగ్గర రెండు చేతులూ పెట్టి ఎత్తాను. ఇంత బరువుంటుందనుకోలేదు. నా ముంజేతికి మెల్లగా చుట్టుకుని అట్లాగే ఆగిపోయింది. నేనూ వదల్లేదు. ఆయన చూస్తున్నారు. తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. ఎడమ చేత్తో నిమురుతూ "హాత్సు, హాత్సు" అన్నారు. ఇవాళ ఆ మాటకి అర్థం వెతుక్కోనక్కర్లేకపోయింది.

నన్ను అలా ఎప్పుడు నిమిరారు? గుర్తు రావడం లేదు. అరవై మూడేళ్ళొచ్చాక ఈ ఏడుపేమిటి, సిగ్గులేకపోతే సరి.

డిసెంబర్ 15

ఫుసాయే వదిన వచ్చింది. ఆయనకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, డెబ్బై ఏడు. అయినా సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. గుమ్మంలోంచే మొదలు.

"ఆ పురుగు ఇంకా ఉందా ఇంట్లో? ఒరేయ్ కెన్సాకూ, ఎలా ఉన్నావురా? పీక్కుపోయాడేమే వీడు! ఏం పెడుతున్నావ్?"

"మెత్తగా చేసి పెడుతున్నా వదినా. డాక్టరు చెప్పినట్టే."

"డాక్టర్లకేం, చెప్తారు. కొత్త సంవత్సరానికి జిగురు అన్నం దంచి మోచీ ముద్దలు చేసి తెస్తాను. మా ఇంట్లో ఈ ఏడు కూడా రోట్లోనే దంచుతున్నాం."

"అమ్మో, మోచీయే? జిగటది వదినా, గొంతుకి అంటుకుపోతుంది. నిషియో గారు మరీ మరీ చెప్పారు."

"కినుయే, ఎర్ర చిక్కుడు గింజల తీపి పులుసులో గుండ్రటి మోచీ లేకుండా వాడికి ఏడాది ఎప్పుడు మొదలైందే? యుద్ధం అయిన ఏడాది మా అమ్మ పట్టు కిమోనో ఇచ్చేసి బియ్యం తెచ్చి మరీ దంచింది. గోరంత చేసి పెట్టు. నోరు తీపి చేసుకోకుండా ఏడాదిలోకి పంపిస్తావా మనిషిని?"

ఆయన "హాత్సు!" అన్నారు, నోరు తెరిచి, పసివాడిలా. వదిన కళ్ళు తుడుచుకుంది.

డిసెంబర్ 19

ఇవ్వను. ముసలివాళ్ళు మోచీ అడ్డంపడి పోయారని ప్రతి జనవరి పేపర్లో వేస్తూనే ఉంటారు. పేపర్లో నా పేరు చూసుకోవాలా?

డిసెంబర్ 22

హాత్సు తినలేదు.

డిసెంబర్ 26

పొద్దున్నే పక్క మొత్తం పాడుచేసుకున్నారు. మార్చి, ఒళ్ళు తుడిచి, గంజి తెస్తే చెయ్యి విసిరారు. గిన్నె గోడకి కొట్టుకుంది. వేడి గంజి నా మెడ మీద పడింది. తట్టలేదు, ఏం లేదు, ఒక్క విసురు. "హాత్సు!" అని అరిచారు. వేలంపాటలో అరిచే గొంతు మళ్ళీ వచ్చేసింది.

"నేను హాత్సుని కాను! కినుయేని! కి-ను-యే! ఒక్కసారి అనండి చూద్దాం!" అని నేనూ అరిచాను. ఆయన గోడ వైపు తిరిగారు.

నడుం పడిపోతోంది. ఇది ఎన్నేళ్ళు? పదేళ్ళు బతుకుతారు, గుండె గట్టిది అన్నారు డాక్టరు, శుభవార్తలాగా.

ఇవ్వను.

డిసెంబర్ 31

వదిన మోచీ పంపింది. పన్నెండు ముద్దలు, ఇంకా పిండి అద్ది ఉన్నాయి. చిక్కుడు గింజలు ఉడకబెట్టాను. పులుసు వరకూ పెడతాను, మోచీ నేను తింటాను.

పండగ రోజు అన్నం తినే పుల్లలుంచే కాగితపు తొడుగుల మీద ఇంటాయన ఇంట్లో అందరి పేర్లూ రాయాలి. ఏడాదికొక్కసారి నా పేరు ఆయన చేతి రాతలో చూసేది అక్కడే. ఈసారి కుంచె ఎడమ చేతిలో పెట్టాను. గీతలు గీసి వదిలేశారు. ఆయన పేరు నేనే రాశాను. నా తొడుగు ఖాళీగా ఉంచాను.

పొద్దున హాత్సు పెట్టెలో ఎలుకని పెట్టి గుడ్డ కప్పేశాను. ఎవరూ చూడకపోతే తింటుందేమో.

జనవరి 1

హాత్సు తిన్నది. నూట ఐదు రోజుల తర్వాత.

జనవరి 4

ఆయన పోయారు. ఒకటో తారీఖు పొద్దున, పులుసు తాగుతుండగా.

ఆయనే అడిగారు. గిన్నె వైపు చూపించి "హాత్సు, హాత్సు" అన్నారు. నా గిన్నెలోంచి గోరంత ముక్క పెట్టాను. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. చరిచాను, చాలా చరిచాను. అంబులెన్సు వాళ్ళు అడిగితే ఆయనే తీసుకున్నారని చెప్పాను. కంగారులో వచ్చేసిందా మాట.

ఇల్లంతా ఖాళీ అయ్యాక పెట్టె తీసి హాత్సుని ఎత్తుకున్నాను. ఇంకేం తోచలేదు. తిన్నాక ముట్టుకోకూడదని తెలుసు. మర్నాటికి ఎలుకని మొత్తం కక్కేసింది. దానికి పదిహేను రోజులు ఏమీ పెట్టకుండా ఉంచి, చిన్నది పెడితే సరిపోతుందట.

జనవరి 9

దహనం, ఎముకలు ఏరడం అన్నీ అయ్యాయి. వదినా నేనూ చెరో వైపు పుల్లలతో పట్టుకుని కుండలో వేశాం. కంఠం దగ్గరి ఎముక చెక్కుచెదరలేదని, అది మంచిదని అక్కడి మనిషి చెప్పాడు. వదిన అక్కడే కూలబడింది.

"నేనే చంపానే వాణ్ణి. నా చేత్తో దంచాను. వద్దని నువ్వెంత మొత్తుకున్నావ్, వినలేదు. నన్ను తిట్టవే కినుయే. ఒక్కసారైనా తిట్టు."

"ఊరుకోండి వదినా," అన్నాను.

ఊరుకోండి అన్నాను, అంతే. మీరు కాదు అనలేదు.

జనవరి 19

నిద్ర పట్టక రాస్తున్నాను అనుకుంటే పొరపాటు, హాయిగా పడుతోంది. పట్టపగలే కూర్చుని రాస్తున్నా.

కళ్ళు మూసి తెరిచేలోగా కాదు. మొదటి ముక్క దిగింది, కంఠం లేచి దిగడం చూశాను. రెండో ముక్క దిగలేదు. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఎడమ చేత్తో బల్ల మీద గుడ్డ గుంజారు. నేను కదలకుండా కూర్చున్నాను. రెండు నెలలుగా నేర్చుకున్నది అదే కదా, మింగుతున్నప్పుడు ఎదర కదలకూడదని, ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలని. అలవాటైపోయింది. అలవాటే. పొయ్యి మీద నీళ్ళ కెటిల్ కూత పెట్టింది, అప్పుడు లేచాను. అప్పుడు చరిచాను.

అలవాటు మనిషి చేత ఏమైనా చేయిస్తుంది.

జనవరి 27

వదిన కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ అన్నం ముట్టడం లేదు అత్తయ్యా. గంజి పెడితే, కెన్సాకు తిననిది నాకెందుకు అంటోంది. మీరొచ్చి ఒక మాట చెప్పండి, మీ మాట వింటుంది." వస్తానన్నాను. రేపు వెళ్ళి చెప్తాను.

జనవరి 28

వెళ్ళలేదు. గాలివాన.

జనవరి 30

ఎండ కాసింది. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 1

హాత్సుకి చిన్న ఎలుక పెట్టాను. తిన్నది. రెండు రోజులు ముట్టుకోను. వదిన్ని ఆస్పత్రిలో చేర్చి సెలైను పెట్టారట.

ఫిబ్రవరి 4

హాత్సు తిన్న రోజు నోటుబుక్కులో వేద్దామని తీశాను, ఖాళీ పెట్టడం ఎందుకని. వెనక అట్ట లోపల ఒక కాగితం అంటించి ఉంది. నేను ముందునుంచే చదువుతూ వచ్చాను, వెనకనుంచి ఎప్పుడూ తెరవలేదు. పోయిన ఏడాది జూన్ తారీఖు.

"నాకేమైనా అయితే కినుయేకి చెప్పవలసినవి. ఒకటి, హాత్సుని ఎవరికైనా ఇచ్చెయ్యమనాలి, కినుయేకి పాములంటే భయం. రెండు, ఇవ్వడానికి ఎవరూ దొరక్కపోతే, ఎత్తే ముందు చేతులు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకోమనాలి. కినుయే చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, పెళ్ళయిన ఏడాదినుంచీ అంతే."

మూడుసార్లు రాశారు. లెక్కపెట్టాను. కినుయే, కినుయే, కినుయే. నోరు పడిపోలేదప్పటికి, పక్కగదిలోనే ఉన్నాను. చెప్పొచ్చుగా! ఒక్క కేక వేస్తే వినపడేది కదండీ!

ఫిబ్రవరి 5

రాసేస్తున్నాను.

మొదటి ముక్క ఆయన అడిగారు, అది నిజం. అది దిగింది. దిగాక ఎడమ బుగ్గతో నవ్వారు. నన్ను చూసి "హాత్సు" అన్నారు. ఆ ఒక్క మాటే ఉందని నాకు తెలుసు. బాగుందని అన్నారో, నువ్వూ తినమన్నారో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పండగపూట, నా ఎదురుగా కూర్చుని, నా చేతి ముద్ద తిని, పాము పేరు.

అప్పుడు ట్రే మీద తట్టారు. టక్, టక్. నేను విన్నాను. రెండో ముక్క పెద్దది. పెట్టాను.

మధ్యాహ్నం ఆస్పత్రికి ఫోన్ చేసి వదినకి ఇమ్మన్నాను. వదిన గొంతు పీలగా వచ్చింది.

"మోచీ వల్ల కాదు వదినా. మీ వల్ల కాదు. మొదటిది బాగానే మింగారు. ఆ తర్వాత వద్దన్నారు. నేను పెట్టాను."

"వద్దని ఎలా అన్నాడే? వాడికి మాటే లేదుగా."

"ట్రే మీద రెండుసార్లు తట్టారు. పాముకి తట్టినట్టు. అది మా ఇద్దరి గుర్తు వదినా."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"పాముది కాదే అది," అంది. "చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం వద్దని నోటితో అంటే నాన్న చెయ్యి చేసుకునేవాడు. కెన్సాకు అడగలేక, అనలేక, గిన్నె మీద వేలితో తట్టేవాడు, నాకు మాత్రమే వినపడేట్టు. నాన్న చూడకుండా వాడిది నేను తినేసేదాన్ని."

వదినా అన్నాను.

"రెండుసార్లే తట్టాడా?" అని అడిగింది. "మళ్ళీ తట్టలేదూ?"

నోరు నిండుగా ఉన్నప్పుడు కూడా తట్టారు. బల్ల మీద. నీళ్ళ కెటిల్ కూత పెట్టేదాకా తడుతూనే ఉన్నారు. అది కూడా చెప్పాను.

వదిన ఫోన్ పెట్టేసింది.